అత్త పేరు రాసిన పుస్తకాలు

ఆ శనివారం పొద్దున్న నిర్మల గొడ్లపాక ఊడ్చి, చేతులు కడుక్కుని, అటక మీది వెదురుబుట్ట దింపింది. బుట్ట మరీ తేలిగ్గా వచ్చింది. లోపల సూది, దారపుండ, కత్తెర ఉన్నాయి. పుస్తకాలు లేవు.

అవీ పుస్తకాలేనా అని నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. అరచేతిలో ఇమిడేంతవి. పాత క్యాలెండర్ల వెనకవైపు తెల్ల కాగితం కత్తిరించి, మడిచి, నడిమధ్య కుట్టి, అట్టపెట్టె ముక్కతో పై అట్ట వేసినవి. కిందటి చైత్రంలో, మగవాళ్లు అడవికి వేటకెళ్లే ఇటుకల పండగ నాడు నిర్మల తనతో తానే పందెం వేసుకుంది. మళ్లీ ఇటుకల పండగ వచ్చేదాకా, వారానికొకటి చొప్పున తప్పకుండా కుట్టాలని. ఒక్కో పుస్తకంలో అత్త సోములమ్మ చెప్పిన ఒక్కో కథ, ఆమె మాటల్లోనే, కొండజనం మాట్లాడే కువి భాషలో, తెలుగు అక్షరాలతో. కాఫీ పళ్ల కోతల్లో నడుం పట్టేసినా, జ్వరమొచ్చినా మానలేదు. ఇంకో నెల గడిస్తే ఏడాది నిండుతుంది.

అంత పట్టుదల ఎందుకంటే, నిర్మలది సీతంపేట వైపు జాతాపు తెగ కుటుంబం. ఆమె అమ్మమ్మ కువి మాట్లాడేది. అమ్మకు వింటే అర్థమయ్యేది. నిర్మల దగ్గరికి వచ్చేసరికి ఏమీ మిగల్లేదు. పెళ్లయి ఈ అనంతగిరి కొండల మీదికి వచ్చాక, అత్త వెనకాల తిరుగుతూ ఒక్కో మాటా ఏరుకుంది. తీరా కన్నకూతురు హేమలత హాస్టల్లో చేరాక, సెలవులకు వచ్చినప్పుడు నాయనమ్మ కువిలో పలకరిస్తే తెలుగులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. ముసలావిడ మొహం చిన్నబోయేది. ఏడాది నిండాక బుట్టెడు పుస్తకాలూ కూతురి ఒళ్లో పెట్టాలనుకుంది. పిల్ల వాటిని చదివితే చాలు, నాయనమ్మకు జవాబు దానంతటదే వస్తుందని ఆమె నమ్మకం.

అంతలో సోములమ్మ పోయింది. హేమను తీసుకురావడానికి నిర్మల హాస్టల్‌కు పరుగెత్తింది. ఘాటీ ఎక్కి బస్సు తిరిగి వచ్చేసరికి చితి చల్లారిపోయింది. అత్త ఆఖరి చూపు కూడా దక్కలేదు.

ఇప్పుడు ఈ బుట్ట.

నిర్మల దాన్ని తీసుకెళ్లి, వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్న భర్త ముందు బోర్లించింది. ఫల్గుణ తలెత్తి చూసి మళ్లీ గింజల వైపు తిరిగాడు.

"పుస్తకాలేవి?" అంది నిర్మల.

"అమ్మవి కదా. అమ్మతోనే పంపించీసినాం."

నిర్మలకు ముందు అర్థం కాలేదు. తర్వాత ఊరి ఆచారం గుర్తొచ్చింది. ఆ ఊళ్లో మనిషి పోతే వాళ్ల బట్టలు, తిన్న గిన్నె, పట్టుకున్న కర్ర, వాళ్లదన్నది ఏదైనా చితి మీదే పెడతారు. ఒక్కటి మిగిలినా పోయినవాళ్లు దాన్ని వెతుక్కుంటూ ఇంటికొస్తారని భయం.

"ఎవుల్నడిగి పంపినావు?"

"అడగడానికి నువ్వున్నావేటి?" ఫల్గుణ గొంతు పెరగలేదు. "అమ్మవేటున్నాయో ఏరడానికి భీముడు బాబాయ్ ఇల్లంతా సూసినాడు. ఒక్కో అట్టా సదివినాడు. అన్నింటి మీదా సోములమ్మ అనే ఉంది. ఇవి నీ అమ్మవేనా అనడిగినాడు. మరి ఎవులివని సెప్పమంటావు?"

అట్టల మీద ఆ పేరు రాసింది నిర్మలే. కథలు అత్తవి, తనది ఉత్త కుట్టుపని అనుకుని, ప్రతి అట్ట మీదా గుండ్రంగా అత్త పేరు రాసింది. చదువురాని సోములమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంటూ మురిసిపోయేది. ఆ పేరే వాటిని నిప్పుల్లోకి తీసుకుపోయింది.

ఆ సంగతి తెలిసొచ్చాక కూడా నిర్మల కోపం దిగలేదు. తప్పు తనదేనని తెలిసిన మనిషికి ఎదుటివాళ్ల మీద కోపం రెట్టింపవుతుంది. ఏడాది పొడుగునా ఒక్క పుస్తకమైనా తెరిచి చూశావా అని నిలదీసింది. కాగితాలు కూరొండుకుంటావా అని అతను ఎగతాళి చేసిన రోజులన్నీ తవ్విపోసింది. ఆఖరికి అనకూడని మాట అనేసింది.

"మీ అమ్మని నువ్వు రెండుసార్లు కాల్చినావు."

ఫల్గుణ చేతిలోని పార కింద పెట్టి కాఫీ తోటలోకి వెళ్లిపోయాడు.

హేమ గుమ్మంలో నిలబడి అంతా వింది. పోనీ ఫోన్లో ఫొటోలైనా తీశావా అని తల్లిని మెల్లగా అడిగింది. తియ్యలేదు. ఏడాది నిండాక అన్నీ ఒకేసారి చూపించాలన్నదే నిర్మల మురిపెం.

ఆ పగలంతా నిర్మల కాగితం ముందేసుకుని కూర్చుంది. ఏ కథ మొదలుపెట్టినా నాలుగు మాటలు నడిచి ఆగిపోయింది. ఎంత నేర్చుకున్నా అది ఆమె పుట్టిన భాష కాదు.

పొద్దు వాలాక ఫల్గుణ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి ఎవరినీ చూడకుండా, కువిలో కథ మొదలుపెట్టాడు. అడవిదుంపలు తవ్వడానికి వెళ్లి దారితప్పిన ఆడపిల్ల కథ. ఆ పిల్ల ఎలుగుబంటి ఇల్లు చేరింది. ఎలుగు సామల గంజి పోసింది. మా అమ్మ ఎదురుచూస్తుంది, దారి చెప్పమని పిల్ల అడిగింది. చెప్తాను గానీ ముందు నాకో మాటివ్వు అంది ఎలుగు. అక్కడ ఫల్గుణ ఆగిపోయాడు.

"తర్వాత?" అంది హేమ. తెలుగులో కాదు, కువిలో.

ఈ ఒక్క మాట కోసం సోములమ్మ ఎన్ని సెలవులు ఎదురుచూసిందో నిర్మలకు తెలుసు.

"నాకు తెల్దు గుంటా," అన్నాడు ఫల్గుణ. "ఎప్పుడూ ఇక్కడికొచ్చీసరికి నిద్దరపోయీవోణ్ణి. మిగతాది రేపు సెప్తాననీది అమ్మ."

చెబుతూ చెబుతూనే మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు అదిరిపోతున్నాయి. తల్లి పోయాక అతను ఏడవడం నిర్మల చూడటం అదే మొదలు. తను ఇందాకటిదాకా కాగితాల కోసం ఏడ్చింది. ఈ మనిషికి అమ్మ పోయిందన్న సంగతి ఒక్కసారైనా మనసుకు తట్టలేదు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. లేచి వెళ్లి అతని పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అతను ఆ చెయ్యి తోసెయ్యలేదు.

"నువ్వు రాసినావు కదమ్మా, నువ్వు సెప్పు," అంది హేమ.

నిర్మల కళ్లు మూసుకుని వెతుక్కుంది. ఎలుగు కథ రాసిన రోజు గుర్తుంది. వాన గుర్తుంది. అత్త నవ్వు గుర్తుంది. కాగితం మీద భద్రంగా ఉంది కదా అనే ధీమాతో, ఎలుగు అడిగిన ఆ మాటేమిటో మనసులో దాచుకోలేదు.

"నాకూ గుర్తులేదమ్మా," అంది.