పావురానికి జోడీ

లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి సర్వర్ రూమ్ ఆపరేటర్ లోపల బోర్లా పడి ఉన్నాడు. మెడ మీద సూదిమొన పాటి రంధ్రం. జేబులో పర్సు ఉంది, వేలికి ఉంగరం ఉంది. మెడలో వేలాడాల్సిన యాక్సెస్ కార్డు మాత్రం లేదు.

ఏజెంట్ మిరపకాయ శవాన్ని వెల్లకిలా తిప్పి, కళ్లు మూసి, నేరుగా చీఫ్ గదిలోకి వెళ్లి తలుపు దడాలున వేసింది. ఆమె అసలు పేరు డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ గుర్తులేదు. ఆ ముద్దుపేరు ఎందుకొచ్చిందో మాత్రం అందరికీ అనుభవమే.

"ఆ కొత్త కన్సల్టెంట్‌కి అడ్మిన్ హక్కులు ఎవరిచ్చారు?"

"నేనే. మంచి రికమండేషన్‌తో వచ్చిందమ్మా," అన్నాడు చీఫ్ కళ్లజోడు తుడుచుకుంటూ. "పద్ధతిగా మాట్లాడింది."

"పద్ధతిగా నవ్విందనండి! దాని కోడ్ నేమ్ అత్తరు. మనకీ పనిచేస్తుంది, అవతలివాళ్లకీ పనిచేస్తుంది. ఫోటోతో సహా రిపోర్టు మీ టేబుల్ మీద పెట్టాను. దాని మీద టీ కప్పు పెట్టుకున్నారు!"

"సరే, ఏం ఎత్తుకుపోతుంది? సర్వర్ని భుజాన వేసుకుని పోలేదుగా?"

మిరపకాయకి ఒళ్లు మండిపోయింది. ఈ పెద్దమనిషి కింద ఇన్నేళ్లు పనిచేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. సర్వర్ రూమ్‌లో ఉన్నవి నాలుగు ఇనుప పెట్టెలే. వాటి లోపల మాత్రం పదుల కొద్దీ వర్చువల్ మెషిన్లు నడుస్తుంటాయి. చేత్తో పట్టుకోలేని కంప్యూటర్లవి. ఒక్కొక్కటీ ఒక పెద్ద ఫైలు, అంతే. అందులో ఒకదాని పేరు పావురం. సరిహద్దు అవతల మారువేషంలో ఉన్న ఏజెంట్‌కి ఆర్డర్లు వెళ్లేదీ, అతని జవాబులు వచ్చేదీ దాంట్లోంచే. ఆ ఏజెంట్ మిరపకాయ సొంత తమ్ముడు.

"ఎత్తుకుపోనక్కర్లేదండీ, క్లోన్ చేస్తే చాలు. మన పావురం మన దగ్గరే ఉంటుంది. మనకి అనుమానమే రాదు. వాళ్ల దగ్గరున్న కాపీ మీ పేరుతో ఆర్డర్ పంపుతుంది, ఫలానా చోటికి రమ్మని. మీరు పిలిచారనుకుని నా తమ్ముడు వెళతాడు. నమ్మి వెళతాడు!"

చీఫ్ చేతిలో కళ్లజోడు ఆగిపోయింది.

సర్వర్ రూమ్ ఉక్కు తలుపు లోపలి నుంచి లాక్ అయి ఉంది. మందపాటి గాజులోంచి అత్తరు కనిపిస్తోంది. ఏసీ మెకానిక్ వేషం, నీలం యూనిఫాం, టోపీ. చెవుల ముత్యాలు మాత్రం తీయలేదు. ఎందుకు తీస్తుంది? ఒక ముత్యంలోని విషపు సూది ఇప్పటికే ఆపరేటర్ మెడలో దిగింది. రెండోది ఇంకా నిండుగా ఉంది.

గార్డులు కట్టర్‌తో తలుపు కోయడం మొదలుపెట్టారు. "కరెంటు తీసేద్దామా మేడం?" అన్నాడొకడు.

"మెయిన్ స్విచ్చి లోపలే ఉంది. కొయ్యి!"

మిరపకాయ కారిడార్‌లోని టెర్మినల్ ముందు కూలబడింది. తెర మీద పచ్చగీత పాకుతోంది. 'క్లోన్: పావురం. డెబ్బై శాతం.' క్యాన్సిల్ నొక్కింది. 'మీకు ఈ హక్కు లేదు' అని వచ్చింది. అత్తరు అందరి హక్కులూ కత్తిరించి పారేసింది. పనికిమాలినదని ఒక్క మెషిన్ మీద హక్కు మాత్రం వదిలేసింది: క్యాంటీన్‌లో టోకెన్లు ఇచ్చే వర్చువల్ మెషిన్.

ఇంటర్‌కమ్ గరగరలాడింది. "ఊరికే ఆయాసపడకు అక్కయ్యా. వ్యాన్ కింద రెడీగా ఉంది."

"నన్నలా పిలిచేవాడు ఒక్కడే ఉన్నాడు. నీ నోటితో అనకు!"

ఎనభై అయిదు. మిరపకాయ పళ్లు నూరింది. చీఫ్‌ని తిట్టుకుంది, చేతకాని తన చేతుల్ని తిట్టుకుంది. డిస్కులు చాలట్లేదని మూడుసార్లు మొత్తుకుంటే ఈయన మూడుసార్లూ 'ఉన్నదాంట్లో సర్దుకో' అని సంతకం పెట్టాడు. అప్పట్నుంచీ ప్రతి మెషిన్‌కీ పేరుకి బోలెడు జాగా రాసిచ్చి, వాడుకున్నంతే ఇస్తూ నెట్టుకొస్తున్నారు. అన్నీ ఒక్కసారిగా అడిగితే ఇవ్వడానికి లేదు...

ఇవ్వడానికి లేదు! ఆ క్లోన్ తయారవ్వాల్సింది కూడా ఆ ఇరుకులోనే.

ఆమె క్యాంటీన్ మెషిన్ మీద క్లిక్ చేసింది. ఎన్నేళ్లుగానో ఎవరూ శుభ్రం చేయక అది ఏనుగంత ఉబ్బి ఉంది. క్లోన్. మళ్లీ క్లోన్. మళ్లీ. తెర నిండా క్యాంటీన్లే. అన్నీ కలిసి మిగిలిన జాగా మీద పడ్డాయి.

తొంభై ఆరు. తయారైన కాపీని దించుకుపోవడానికి అత్తరు అరచేతిలో పట్టే డిస్కు తీసి సర్వర్‌కి తగిలించింది. తొంభై ఎనిమిది. తలుపు మీద నిప్పురవ్వలు లేస్తున్నాయి. తొంభై తొమ్మిది.

పచ్చగీత ఎర్రబడింది. 'స్టోరేజీలో జాగా లేదు. క్లోన్ విఫలం.' అరకొర కాపీని సర్వర్ తనే చెరిపేసింది.

అత్తరు నవ్వు మాయమైంది. అదే క్షణాన తలుపు ఊడిపడింది. ఆమె చెవి ముత్యం ఊడదీసి సూది ఎత్తేలోపే మిరపకాయ కీబోర్డు పీక్కుని వచ్చి ఆ మణికట్టు మీద ఒక్కటిచ్చింది. ముత్యం దొర్లుకుంటూ పెట్టెల కిందికి పోయింది.

"ఇది ఆపరేటర్ కోసం. నా తమ్ముడి కోసం ఇంకా ఉంది!" అని మళ్లీ ఎత్తింది. గార్డులు అడ్డుపడ్డారు.

జాగా నిండిపోవడంతో పావురం కూడా కదలకుండా నిలిచిపోయింది. మిరపకాయ లోపలి టెర్మినల్ దగ్గర కూర్చుని, అత్తరు తెరిచి ఉంచిన లాగిన్‌తోనే క్యాంటీన్లన్నీ చెరిపి, పావురాన్ని నడిపించింది. క్షేమమేనా అని తమ్ముడికి కబురు పంపింది. జవాబు రాలేదు. తెరనే చూస్తూ కూర్చుంది. చివరికి ఒక లైను మెరిసింది.

'క్షేమం. అక్కయ్యకి చెప్పండి, కోపం తగ్గించుకోమని.'

ఆమె ముఖం పక్కకి తిప్పుకుని చేతులతో కళ్లు తుడుచుకుంది. గార్డులు చూడనట్టు నటించారు.

అప్పుడొచ్చాడు చీఫ్. అంతా విన్నాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, తృప్తిగా తలూపాడు.

"చూశావా అమ్మా? నువ్వు అడిగినప్పుడు డిస్కులు కొనిపెట్టి ఉంటే ఇవాళ ఏమయ్యేది!"

కీబోర్డు ఇంకా ఆమె ఒళ్లోనే ఉంది. ఈసారి గార్డులు అడ్డుపడలేదు.