నీలి గీత బంతి, ఒక రంపం

అతను గోల్ఫ్ బంతిని రంపంతో కోస్తుండగా ఆమె తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

వాళ్ల మొదటి పరిచయం అదే. ఒక అమ్మాయి కంట్లో హుందాగా పడడానికి లోకంలో సవాలక్ష మార్గాలున్నాయి. గోల్ఫ్ మైదానం పక్క షాపులో, స్టిక్కులు రిపేరు చేసే బల్ల దగ్గర నాలుక బయటపెట్టుకుని బంతిని కోయడం వాటిలో లేదు. అతనికీ ఆ సంగతి తెలుసు. అందుకే వెంటనే నాలుక లోపల పెట్టుకున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"సాక్ష్యం తయారుచేస్తున్నానండీ. లాయర్ని. అంటే, జూనియర్ని. పేటెంట్ కేసు."

ఆమె చూపు అతని మొహం మీద ఆగలేదు. బల్ల మీదున్న బంతి ముక్కల మీదికీ, కింద పడున్న ఖాళీ బాక్సుల మీదికీ పోయింది. ప్రతి ముక్క మీదా సగం నీలి గీత.

"నాన్నా," అని పిలిచింది మెల్లగా. గట్టిగా అరిచినా ఇంత భయం వేసేది కాదనుకున్నాడు జూనియర్.

షాపు యజమాని కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ వచ్చాడు. బాక్సుల్ని చూశాడు, కూతుర్ని చూశాడు, కళ్లద్దాలు మళ్లీ దించుకున్నాడు.

"నీకోసం పక్కన పెట్టినవా ఇవి? పాత స్టాకంతా కావాలని ఈ అబ్బాయి అడిగితే..."

"ఇచ్చేశావు."

"ఇచ్చేశానమ్మా."

గొడవంతా ఒక పొర గురించి. గోల్ఫ్ బంతి పైకి అమాయకంగా కనబడుతుంది గానీ లోపల ఉల్లిపాయలా పొరలుంటాయి. పైతొక్కకీ లోపలి గుండుకీ మధ్యనున్న పల్చటి పొర తమ పేటెంట్ అనీ, ఈ నీలి గీత బంతి చేసేవాళ్లు దాన్ని కాపీ కొట్టారనీ జూనియర్ తరఫు కంపెనీ కోర్టుకెక్కింది. కోర్టు ఔనంది. నీలి గీత తయారీ ఆగిపోయింది. షాపుల్లో మిగిలినవే మిగిలాయి. ఇక నష్టపరిహారం తేల్చాలి కాబట్టి బంతులు కోసి పట్టుకురమ్మని సీనియర్ ఇతన్ని తోలాడు.

"ఆదివారం నాకు సెలక్షన్ టోర్నమెంట్," అంది ఆమె. "ఏ రకం బంతితో మొదలుపెడితే చివరిదాకా ఆ రకంతోనే ఆడాలి. నా చెయ్యి దీనికే అలవాటు. నా దగ్గరున్నవి ప్రాక్టీసులో అరిగిపోయాయి. కొత్తవంటే ఇవే."

"మా కంపెనీ బంతి తీసుకోండి. పొర అదే కదా." అనేశాక, తమ కేసంతా ఒక్క ముక్కలో చెప్పేశానని అతనికి కాస్త గర్వం కూడా కలిగింది. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు.

"పొర అదే. తొక్క వేరు. ఇది ఆగేచోట మీది పరిగెడుతుంది. కేసు గెలిచారు, బాగుంది. ఆడేవాళ్లకి ఏమొచ్చింది?"

అతను కోర్టు గొంతు సవరించుకున్నాడు. "కనిపెట్టినవాడి కష్టానికి రక్షణ ఉంటేనే కదండీ, రేపు ఇంకా మంచి బంతి వచ్చేది."

"ఒప్పుకుంటాను. మరి ఏడాదిగా దీంతో ఆడిన నా చేతి కష్టం?"

సీనియర్ అయితే వాయిదా అడిగేవాడు. జూనియర్ రంపానికి అంటిన పొడి తుడిచాడు.

పెద్దాయన వాతావరణం చల్లబరుద్దామనుకున్నాడు. "అన్నట్టు అమ్మాయ్, పొద్దున్నే వచ్చి చెరువుకి బంతులు మేపే లాయరని చెప్పానే, ఈ అబ్బాయే."

"మీరేనా?" అంది. నవ్వబోయింది గానీ అది కళ్లదాకా రాలేదు. "సరే, రంపంగారూ. మీ పని కానివ్వండి."

బ్యాగు భుజాన వేసుకుని వెళ్లిపోయింది. అతను మిగిలిన ఒకే ఒక్క బంతిని కోయలేకపోయాడు. ఆ ఒక్కటీ ఆమెకి ఎందుకూ చాలదని తెలిసి ఇంకా సిగ్గేసింది.

చెరువు సంగతి నిజమే. బంతి గురించి వాదించేవాడు బంతిని కొట్టి చూడాలని సీనియర్ హుకుం. కొట్టేది ఎలాగూ పోతుంది, పోయేదేదో అవతలి కంపెనీ బంతే పోనీ అని లౌక్యంగా నీలి గీతలే కొనుక్కునేవాడు. అవి వరసగా మైదానం మధ్యనున్న చెరువులో పడుతుంటే తన కక్షిదారుకి సేవ చేస్తున్నట్టే సంబరపడ్డాడు.

ఆ సంబరం గుర్తుకొచ్చేసరికి చటుక్కున లేచాడు.

మర్నాడు పొద్దున ఆమె ప్రాక్టీసుకి వచ్చేసరికి చెరువులో ఒక మనిషి మోకాళ్లలోతు బురదలో నిలబడి ఉన్నాడు. ప్యాంటు పైకి మడిచాడు, టై మాత్రం విప్పడం మరిచాడు. గట్టు మీద ఆమె తండ్రి బకెట్ పట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"సాక్ష్యాలు వెనక్కి తీసుకుంటున్నానండీ."

"ఇంత చెరువులో ఎక్కడని వెతుకుతారు?"

"వెతకక్కర్లేదు. నేను ఎటు కొట్టినా ఇక్కడికే వచ్చేవి."

ఈసారి నవ్వు కళ్లదాకా వచ్చింది. గట్టున కూర్చుని ఒక్కో బంతినీ కడిగి, తుడిచి, చేత్తో తిప్పి చూసింది. కొన్ని పక్కన పారేసింది. బాగున్నవి టోర్నమెంటుకి సరిపోయేలా కనబడ్డాయి.

"వీటి మీద ఒక్క గీరు కూడా పడలేదే," అంది ఆశ్చర్యంగా.

"ఒక్కోదానికి ఒకే దెబ్బ తగిలిందండీ. అది కూడా సరిగ్గా తగల్లేదు."

"మీ కంపెనీకి తెలిస్తే?"

"నా బంతులు, నా బురద. అయినా చెప్పేస్తాను. నవ్వుతారు. అది మీరు నవ్వినంత ఆనందంగా మాత్రం ఉండదు." అనేసి, పైకే అన్నానా అని కంగారుపడ్డాడు. పైకే అన్నాడు. పెద్దాయన బకెట్‌లోకి అదేపనిగా చూస్తున్నాడు.

ఆదివారం మైదానం అంచున తాడు అవతల జూనియరూ, ఆమె తండ్రీ పక్కపక్కన నిలబడ్డారు. మొదటి దెబ్బకి ముందు ఆటగాళ్లు తమ బంతి రకం, దాని మీద తాము వేసుకున్న గుర్తు ఒకరికొకరు చెప్పుకుంటారు. బంతులు తారుమారు కాకుండా అదొక పద్ధతి.

"చిన్నప్పట్నుంచీ గుర్తుగా నా కళ్లద్దాలే గీసుకుంటుంది," అన్నాడు తండ్రి గొప్పగా.

ఆమె బంతి పైకెత్తి చూపించింది. "నీలి గీత. గుర్తు, కళ్లద్దాలు. పక్కన రంపం."

జూనియర్‌కి చెవులు వేడెక్కాయి. పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా పక్కన ఇంతవరకు ఎవరికీ చోటివ్వలేదు బాబూ," అన్నాడు చివరికి. "రాత్రి భోజనానికి ఇంటికి రా. రంపం తేవద్దు."

ఆమె బంతి చెరువు మీదుగా ఎగిరి, దాని వంకైనా చూడకుండా అవతల పడింది. సాయంత్రం సెలక్షన్ బోర్డు మీద ఆఖరి పేరు ఆమెది. ఆఖరిదైనా బోర్డు మీదదే. ఆమె దాని ముందు నిలబడి ఏడుస్తూ నవ్వుతుంటే అతను జేబురుమాలు ఇచ్చాడు. దానికింకా బురద ఉంది.

"పై పోటీలకి ఇవి చాలవు," అంది కళ్లు తుడుచుకుంటూ. "మీ కంపెనీ బంతికే అలవాటు పడాలి. ఏడాదైనా పడుతుంది."

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాడు అతను. వాదన లేదు, సాక్ష్యం లేదు. "ఆ ఏడాదీ మీతో ఉండనిస్తారా?"

"ఎక్కడ, చెరువులోనా?"

"ఎక్కడ నిలబడమంటే అక్కడ."

ఆమె కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించింది. తర్వాత తన బరువైన బ్యాగు తీసి అతని భుజానికి తగిలించి, ముందు నడిచింది.