ఎడమ సీటులో భారతమ్మ

పొద్దున్నే పాలగిన్నె దించబోయిన భారతమ్మ చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది. కుడి మణికట్టులో సూది దిగినట్టయింది. ఎడమచేత్తో ఎలాగో గిన్నె దించి, కొంగు తడిపి చేతికి చుట్టుకుంది. అరవై ఏళ్ళు ఇంకా నిండలేదు. ఒళ్ళు మాత్రం ఎనభై ఏళ్ళదిలా అలసిపోయింది.

వాకిట్లో భర్త ధనంజయ ఎర్రకారు తుడుస్తున్నాడు. ఎదురుగా శుభలేఖ పట్టుకుని స్నేహితుడు తిరుమలయ్య నిలబడి ఉన్నాడు.

"ఆదివారం సాయంత్రం చంద్రగిరిలో ఎదురుకోలప్పా. మా అల్లుడు నీ కార్లోనే ఊరేగాల. తోలేది నువ్వే."

"నేను కాక ఇంకెవురు తోల్తారు? దీని మీద ఇంకోడు చెయ్యేస్తే నేనూరుకుంటానా?"

"అయితే మా చెల్లెలికి ఒక్కపూట సెలవియ్యాల. ఉండేది రెండు సీట్లే కదా, పక్కన పెండ్లికొడుకు కూసోవాల. ముసలితనంలో మీ షికార్లు సూసి చిత్తూరంతా నవ్వుతాండాది లేప్పా!"

ఇద్దరూ పకపకా నవ్వారు. లోపల కాఫీ కలుపుతున్న భారతమ్మకు ఆ మాటలు వినిపించాయి.

ముప్పయ్యేళ్ళ కిందట మద్రాసులో ఒక గోడౌను మూల తుప్పుపట్టి పడున్న రెండు సీట్ల ఇంగ్లీషు స్పోర్ట్స్ కారును ధనంజయ లారీ మీద వేసుకుని చిత్తూరు తెచ్చాడు. మూడేళ్ళు కష్టపడి దానికి ప్రాణం పోశాడు. జిల్లాలో అలాంటిది మరొకటి లేదు. చూడ్డానికి కొత్తపెళ్ళికూతురే గానీ, నెమ్మదిగా పోయేటప్పుడు దాని స్టీరింగు తిప్పడమంటే రుబ్బురోట్లో పొత్రం తిప్పడమే. మెకానిక్ ధనంజయ కండలకు అప్పట్లో అదో లెక్క కాదు.

రెండేళ్ళ కిందట తన మెకానిక్ షెడ్డులో గుంతలో జారిపడి అతని కుడిభుజం విరిగింది. ఎముక అతికింది. బలం తిరిగి రాలేదు. కట్టు విప్పాక మొదటిసారి కారు తీసినరోజు మార్కెట్ మలుపులో స్టీరింగు సగంలో ఆగిపోయింది. ఎదురుగా లారీ. పక్క సీట్లో ఉన్న భారతమ్మ గబుక్కున చెయ్యి చాచి చక్రాన్ని లాగింది. కారు మలుపు తిరిగింది. ధనంజయ "ఊ" అన్నాడంతే. ఆ తర్వాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు.

మర్నాటి నుంచి షెడ్డుకు అన్నం కేరియర్ తెస్తానన్న సాకుతో ఆమె రోజూ కారెక్కసాగింది. మలుపు రాగానే అతను "ఊ" అంటాడు, ఆమె లాగుతుంది. ఇంటినుంచి షెడ్డుకు తొమ్మిది మలుపులు. మళ్ళీ వెనక్కి తొమ్మిది. భార్య ఊరికే చెయ్యి ఆనిస్తుందని ధనంజయ నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడానికి భారతమ్మకు నోరు రాలేదు.

ఇప్పుడు చంద్రగిరి వీధి, మేళాలు, కారు ముందు చిందులేసే పిల్లలు. పక్క సీట్లో ఏమీ తెలియని పెళ్ళికొడుకు. మలుపులో "ఊ" అంటే లాగేదెవరు?

ఆరోజు కారు షెడ్డు ముందు ఆగేసరికి కొడుకు మోహన్‌కృష్ణ ఒక సామాను చూపించాడు. చిన్నకారు స్టీరింగు కడ్డీ, దాని నడుమ తంబళిగ చెంబంత మోటారు.

"కరెంటు పవర్ స్టీరింగు, నాయనా. యాక్సిడెంటైన బండిదాన్ని మద్రాసు పాతసామాన్ల అంగట్లో పట్టినా. నెలనుంచి దీనిమీదే కూసోనుండా. మన కారుకు సరిపోయేట్టు చేసేసినా. ఒక్కేలితో తిప్పొచ్చు."

ధనంజయ మొహం నల్లబడింది. "ఎవురడిగినార్రా నిన్ను?"

"ఎవురూ అడగలే. నీ భుజం..."

"నా భుజానికేమైంది? ముసలోడికి చేతికర్ర ఇస్తాండావా? స్టీరింగు పట్టుకుంటే కింద రోడ్డు చేతికి తెలియాల. నీ మోటారుకేం తెలుస్తాదిరా రోడ్డు? అసలు కడ్డీ కోసినాక మళ్ళీ అతుకుతాదా?"

"నీ కడ్డీని కొయ్యలేదు నాయనా! నేను వేరేదాని మీద చేసినా. నీది తీసి గుడ్డలో చుట్టి దాచిపెడతా. వద్దనుకున్నరోజు మళ్ళీ బిగించుకోవచ్చు. మోటారుకు కరెంటు చాలాల కదా, పాత డైనమో బదులు ఆల్టర్నేటర్ కూడా తెచ్చిపెట్టినా."

"నేను సచ్చినాక చేస్కో. ఆదివారం సూడు, చంద్రగిరిలో ఎట్ల తిప్పుతానో!"

"ఆ మొండితనమే వద్దనేది! జనంలో ఏదన్నా అయితే?"

"నాకు నేర్పించేంత మొనగాడివైనావా?" ధనంజయ స్పానర్ విసిరేశాడు. అది రేకుకు తగిలి మోగింది.

"చాలు," అంది భారతమ్మ. గొంతు పెద్దగా లేదు. అయినా ఇద్దరూ ఆగిపోయారు.

ఆమె కారు తలుపు తీసుకుని ఎడమ సీట్లో కూర్చుంది. "రాయ్యా. పోయి ఆ మలుపు తిప్పుకోని వద్దాం."

"ఇప్పుడా? ఎందుకు?"

"నేనెక్కినాను కదా, రా."

షెడ్డు దాటాక రోడ్డు కుడికి తిరుగుతుంది. అవతల రైసుమిల్లు గోడ. ధనంజయ బండి నెమ్మది చేశాడు. చక్రం పట్టుకున్నాడు. అలవాటుగా "ఊ" అన్నాడు.

భారతమ్మ రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

చక్రం కొంచెం తిరిగి ఆగిపోయింది. మళ్ళీ "ఊ" అన్నాడు. పళ్ళు బిగించి భుజంతో తోశాడు. మెడనరాలు ఉబ్బాయి. గోడ మీదమీదికి వస్తోంది. బ్రేకు తొక్కాడు. బానెట్టుకూ గోడకూ మధ్య జానెడు జాగా మిగిలింది.

"ఏమే, చెయ్యెందుకు పెట్టలేదు? ఇంక రవ్వుంటే గుద్దుకోనుందుము!"

"ఆదివారం నేనుండనయ్యా," అంది భారతమ్మ. "పక్కనుండేది పెండ్లికొడుకు. గోడ తావులో పిలకాయలుంటారు."

ధనంజయ ఆమెవైపు తిరిగాడు. ఒళ్ళో ఉన్న కుడి మణికట్టు ఎడమదానికి రెండింతలు వాచి ఉంది. కొంగు తడిపి చుట్టిన గుర్తులు చర్మం మీద ఇంకా ఉన్నాయి. తన చేతిని చూసుకున్నాడు. తర్వాత చక్రాన్ని.

"నువ్వు ఊరికే ఆనిస్తాండావనుకున్నానే."

"అట్లే అనుకోనీలే అని ఊరుకున్నా."

"రెండేండ్లుగానా?"

భారతమ్మ సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకుంది.

ధనంజయ కారు దిగి షెడ్డుదాకా నడిచి వెళ్ళాడు. గుమ్మంలో ఉన్న కొడుకుతో, "తాళ్ళు తీసుకోని రా. కారును లోపలికి లాగాల," అన్నాడు.

"నాయనా..."

"నీ మోటారు బిగించు. నేను పక్కనుండి సూస్తా. శనివారానికి మనసుకు సరిపడా కుదిరితే సరి. లేకుంటే తిరుమలయ్యను గుర్రబ్బండి మాట్లాడుకోమంటా."

మర్నాడు పొద్దున, కారు బోల్టులన్నీ విప్పి పరిచి ఉండగా, ధనంజయ భార్యను వెంటబెట్టుకుని ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరుకు బస్సెక్కాడు. కారు రోడ్డెక్కినాక ఇద్దరూ కలిసి బస్సెక్కడం ఇదే మొదలు. కిటికీ సీటు ఆమెకిచ్చాడు.

కట్లు కట్టేచోట బెంచీల నిండా జనం. వీళ్ళ వంతు వచ్చింది. కట్టు కట్టే పెద్దాయన భారతమ్మ మణికట్టును వేళ్ళతో తడిమి చూశాడు.

"ఎముక విరగలేదు. నరం నలిగిపోయి ఉండాది. ఏం బరువు మోస్తాండావు తల్లీ? నీళ్ళ బిందెలా?"

"అవును సామీ," అంది భారతమ్మ వెంటనే. "బిందెలే."

"బిందెలు కాదు సామీ." ధనంజయ బెంచీమీంచి లేచి నిలబడ్డాడు. గొంతు గదంతా వినిపించింది. జనం తలలు తిప్పి చూశారు. "నా కారు. నా భుజంలో బలం లేదు. రెండేండ్లుగా ఆ కారు తోల్తాండేది ఈమె. ఊర్లో పేరు మాత్రం నాది."

పెద్దాయన ఆకుపసరు రాసి కట్టు చుట్టడం మొదలుపెట్టాడు.

"నొప్పిగా ఉండాదా తల్లీ? ఏడుస్తాండావు."

భారతమ్మ లేదన్నట్టు తల ఊపింది. కళ్ళు తుడుచుకుందామంటే కుడిచెయ్యి పెద్దాయన చేతుల్లో ఉంది. ఎడమచెయ్యి ధనంజయ పట్టుకుని ఉన్నాడు, ఎంతకూ వదలడం లేదు.