ఎనిమిది నంబరు పాదాలు

యాభై రోజుల తర్వాత షట్టర్ ఎత్తిన మొదటి రోజే తిరుమల ఒక గిరాకీని కసురుకుంది.

"అన్నా! రౌండ్ల నిలబడు. రౌండ్ దాటి రాకు!"

ఆ గిరాకీ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. చెప్పుల దుకాణం ముందు సున్నంతో గీసిన రౌండును అతని ఎడమకాలి బొటనవేలు మాత్రం దాటింది.

"వేలు ఒక్కటే దాటింది మేడం. గంత మాత్రానికి కరోనా వస్తదా?"

"వస్తదో రాదో నాకు తెల్వది. నువ్వైతే వెనకకు జరుగు అన్నా."

"జరుగుత గని, అన్న అనకు. నాకు ఇరవై నాలుగే."

"షాపుకొచ్చే మొగోళ్ళందరు నాకు అన్నలే. అరవై ఏండ్లోళ్ళు సుత."

గోదావరిఖని బజారులో ఆ మే నెల ఎండకంటే జనం భయమే ఎక్కువ మండిపోతోంది. మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి షట్టర్ల మీద ఒకటి, రెండు అని అంకెలు వేసి వెళ్ళారు. ఒకటి వేసిన దుకాణాలు ఒక రోజు, రెండు వేసినవి మర్నాడు. తిరుమల వాళ్ళ 'రఘు ఫుట్‌వేర్' మీద రెండు పడింది. దుకాణం తెరిచిందన్న మాటే గానీ, వచ్చిన వాళ్ళందరికీ అనుమానాలే. ఈ జత ఇంతకు ముందు ఎవరైనా తొడిగి చూశారా? ఈ డబ్బా ఏ ఊరి నుంచి వచ్చింది? ఒకామె శానిటైజర్‌తో తుడవమని, మళ్ళీ తుడవమని, చివరికి చెప్పు అడుగు అంటించిన జిగురు ఊడాక, "గిది పాతదున్నట్టుంది, వద్దు" అని వెళ్ళిపోయింది. తిరుమల 'అమ్మిన చెప్పులు మార్చబడవు' అని బోర్డు రాసి పెట్టింది.

ఈ వేలు దాటిన మనిషి మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు. గుంపు కూడొద్దని గని మీద స్నానాల గది మూసేశారట. తల నుంచి మడమ దాకా బొగ్గు, మూతికి తువాల. కనిపించేవి కళ్ళే. వాటి చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి గీత. ముఖం కనిపించని మనిషిని ఏం చూస్తుంది? తన పనికి అవసరమైన పాదాలే చూసింది. బొటనవేలి గోరు ఎప్పుడో ఏదో పడి నల్లబడింది. దాని పక్క వేలు బొటనవేలి కంటే కాస్త పొడుగు.

"ఎనిమిది నంబరు," అంది కొలవకుండానే.

"గింత కచ్చితంగ ఎట్ల చెప్తవు?"

"నువ్వు బొగ్గును చూసి చెప్తవు గదా, గట్లనే."

దుకాణానికి వచ్చిన ప్రతి మనిషి రిజిస్టర్‌లో వివరాలు రాయాలని రూలు. అతను పొందిగ్గా రాశాడు. రుత్విక్, బదిలీ వర్కర్, క్వార్టర్ నంబరు, ఫోన్ నంబరు. ఫోన్ నంబరు కింద రెండు గీతలు కూడా గీశాడు.

రెండు రోజులకు మళ్ళీ వచ్చాడు, అవ్వకు చెప్పులు కావాలని. ఆ తర్వాత అన్నకట, తొమ్మిది నంబరు. ఆ తర్వాత మేనత్త బిడ్డకట, ఆడవాళ్ళవి, అయిదు నంబరు.

"మీ ఇంట్ల ఎంతమంది?" అంది తిరుమల.

"మస్తుమందిమి," అన్నాడు కళ్ళు దించి.

కాటుక కళ్ళు దించుకుంటే బాగుంటాయని ఆమెకు ఆ రోజే తెలిసింది. తెలిసినందుకు తనను తానే తిట్టుకుంది.

బిళ్ళల ఆలోచన అతనిదే. ఒకనాడు దుకాణం ముందు నేను ముందంటే నేను ముందని తోపులాట అయితే అతను చెప్పాడు. "మా గనికాడ నంబరేసిన బిళ్ళలుంటయి మేడం. దిగేటప్పుడు తీసుకుంటం, పైకొచ్చినంక ఇస్తం. బోర్డు మీద మేకు ఖాళీగ ఉన్నదంటె మనిషి ఇంక లోపల్నే ఉన్నట్టు. మీరు గట్ల పెట్టుండ్రి."

దుకాణం లోపల పరదా వెనక కూర్చున్న రఘుపతికి ఆ మాట ప్రాణం లేచొచ్చినంత పని చేసింది. ఆయన తిరుమల తండ్రి. ముప్పై ఏళ్ళు భూమి కింద పని చేసి, బొగ్గు దుమ్ము దగ్గుతో అన్‌ఫిట్ అయి బయటికొచ్చి ఈ దుకాణం పెట్టాడు. ఆ సాయంత్రమే నూనె డబ్బా రేకు కత్తిరించి, నంబర్లు వేసి పది బిళ్ళలు చేశాడు; షట్టర్ దించాక గుమ్మం పక్కన పది మేకులు కొట్టాడు. పగలంతా ఆయన పరదా వెనకే. దుకాణం తెరిచిన రోజు నుంచి ఆయనను బయటికి రావద్దంది తిరుమల. "నువ్వు దగ్గినవంటె గిరాకీ మొత్తం ఉరుకుతది బాపూ," అంది. ఆయన సరే బిడ్డా అన్నాడు.

శనివారం నాడు జమున వచ్చింది. జమునక్క ఒక మాట అన్నదంటే సాయంత్రానికి కాలనీ అంతా అదే మాట అంటుంది. ఆమె వెంట మరో ముగ్గురు ఆడవాళ్ళు. చివరి రౌండులో రుత్విక్, చేతిలో ఏడో నంబరు బిళ్ళ.

అప్పుడు పరదా వెనక దగ్గు మొదలైంది. చిన్నది కాదు. లోపలి నుంచి తవ్వుకుంటూ వచ్చి, ఆగినట్టే ఆగి, మళ్ళీ లేచే దగ్గు.

జమున చేతిలోని చెప్పు కింద పడేసింది. "ఎవరు దగ్గింది? లోపల ఎవరున్నరు తిరుమలా?"

నలుగురూ గుమ్మం దిగారు. బజారులో నడిచేవాళ్ళు ఆగారు. దుకాణం మళ్ళీ మూతపడటం తిరుమల కళ్ళకు కట్టింది. ఆమె చెయ్యి తనంతట తానే లేచింది.

"లోపల ఎవరు లేరక్కా. ఆ అన్న దగ్గిండు."

వేలు రుత్విక్ వైపు ఉంది.

అతను ఆమెను చూశాడు. పరదాను చూశాడు. తర్వాత తువాల అడ్డం పెట్టుకుని, గట్టిగా, రెండుసార్లు దగ్గాడు.

"నేనేనక్కా. ఏమనుకోకుండ్రి," అని మెల్లగా వెళ్ళిపోయాడు. ఎవరో వెనక నుంచి ఫోటో తీశారు.

చీకటి పడేలోపే ఆ ఫోటో కాలనీ గ్రూపులన్నీ తిరిగింది. మర్నాడు ఆశా వర్కర్ రుత్విక్ ఇంటికి వచ్చి పద్నాలుగు రోజులు ఇల్లు కదలొద్దంది. గని గేటు దగ్గర కూడా అదే మాట అన్నారు. పర్మనెంటు కాని బదిలీ వర్కర్‌కు ఒక మస్టరు, అంటే ఒక రోజు హాజరు, పోయిందంటే పర్మనెంటు అంత దూరం జరిగినట్టే. ఈ సంగతులన్నీ జమునక్కే వచ్చి చెప్పింది. "నువ్వు జెప్పవట్టి బతికినం బిడ్డా," అని మెచ్చుకుంది కూడా. ఆ మెప్పుకు తిరుమల రిజిస్టర్ తెరిచి తల వంచుకుంది.

దుకాణం కట్టేసే వేళ రఘుపతి బిళ్ళలు చూసేవాడు.

"ఏడు రాలే."

"పోనీ బాపూ. రేకు ముక్కనే గదా."

"రేకు ముక్క కాదు బిడ్డా. ఒక్క మేకు ఖాళీగ ఉన్నా మేం ఎవ్వరం ఇంటికి పోకపోతుంటిమి."

 ఆయన ఖాళీ మేకును చూస్తూ నిలబడేవాడు.  తిరుమల రిజిస్టర్‌లో రెండు గీతల నంబరుకు మూడుసార్లు ఫోన్ కలిపి, మోగకముందే కట్ చేసింది. మాట్లాడితే ఏమంటుంది? ఎట్లున్నవు అన్నా అంటుందా? 

ఆరో రోజు దుకాణానికి సెలవు. బిళ్ళ తెచ్చుకుంటానని తనకు తానే సాకు చెప్పుకుని క్వార్టర్ వెతుక్కుంటూ వెళ్ళింది.

వరండాకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడు అవతల బనియన్, లుంగీలో ఒకతను చేటలో బియ్యం ఏరుతున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్న ముఖం. పెద్ద పెద్ద చెప్పులు. అయితే ఈయనే ఆ తొమ్మిది నంబరు అన్న.

"రుత్విక్ ఉన్నడా అన్నా?"

చేట ఆగిపోయింది. "పండుకున్నడు," అన్నాడతను. "ఏం పని?"

గొంతు అచ్చం తమ్ముడి గొంతే. అన్నదమ్ములు కదా అనుకుంది.

"మీరు వాళ్ళ అన్న గదా. మీకే చెప్త. ఆయన ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు." తిరుమల తాడు పట్టుకుంది. "ఆ రోజు దగ్గింది మీ తమ్ముడు కాదు. నేనే అబద్ధం చెప్పిన. అందరి ముందట వేలు పెట్టి చూపెట్టిన. ఆయన ఇంటికాడ కూసున్నడు, నేను దుకాణం తెరుచుకొని కూసున్న. నాకు నా చెయ్యి చూస్తేనే అసయ్యం అయితున్నది."

"ఆఁ," అన్నాడతను నెమ్మదిగా. "ఇంకా?"

"ఇంకేం లేదు. మంచోడు. వేలు దాటిందని కసిరినా నవ్విండు. షిఫ్టు దిగి వస్తడని మూడున్నరకు గడియారం చూస్తుంటి... గసోంటి మనిషిని..."

ఇక తలెత్తలేకపోయింది. నేల చూపులు చూస్తూ నిలబడింది. చూపు అతని పాదాల మీద పడింది.

చెప్పు వెనక వేలెడు ఖాళీ. నల్లబడిన బొటనవేలి గోరు. దాని పక్క వేలు కాస్త పొడుగు.

"ఇవి... ఎనిమిది నంబరు," అంది తిరుమల. 

"కచ్చితంగ చెప్పినవు," అన్నాడు రుత్విక్.

ఆరు రోజుల స్నానాలకు కాటుక గీత పోయింది. ముఖం మీద బొగ్గూ లేదు, తువాలా లేదు. గడియారం చూసిన సంగతి కూడా చెప్పేశానే! భూమిలోకి దిగే బిళ్ళ ఏదైనా ఉంటే అప్పుడే తీసుకునేది.

"మీకు అన్న లేడు."

"లేడు. అవ్వ, నేను. ఇద్దరమే."

"మరి గన్ని చెప్పులు?"

"మల్ల మల్ల రావాలంటె ఇంట్ల మనుషులు సరిపోలే మేడం."

ఇంకో రోజైతే పగలబడి నవ్వేది. ఈ రోజు కళ్ళ నీళ్ళొచ్చాయి. "నువ్వెందుకు దగ్గినవు? దగ్గింది నేను కాదని అంటె అయిపోతుండె గదా."

రుత్విక్ చేట పక్కన పెట్టాడు. "మా నాయిన గట్లనే దగ్గుతుండె. ఆయన పోయినంకనే నాకీ నౌకరి వచ్చింది. పరదా ఎనక ఎవరున్నరో, అది ఏం దగ్గో వినంగనే ఎర్కైంది. పెద్దమనిషిని బయటికి గుంజి ఫోటో తీస్తరని భయమయింది."

"నా మీద కోపం లేదా?"

"ఎందుకు లేదు? ఉన్నది. నన్నన్నందుకు కాదు." అతను సూటిగా చూశాడు. "లోపల ఎవరు లేరన్నవు. మీ బాపు పరదా ఎనక ఉండి విన్నడు గదా. ఆయన ఎట్లున్నడో అడిగినవా?"

తిరుమల తాడు వదిలేసింది. ఈ ఆరు రోజులూ ఆ సంగతి ఆమెకు తట్టనే లేదు. ఏడు రాలే, ఏడు రాలే అని బాపు ప్రతిసారీ అన్నది బిళ్ళ కోసం కాదు. బిడ్డ తనంతట తానే నిజం చెబుతుందేమోనని ఎదురు చూశాడు.

మర్నాడు దుకాణం నిండా జనం. రౌండ్లన్నీ నిండాయి. జమున కూడా ఉంది. తిరుమల ఎవరినీ పలకరించలేదు. నేరుగా వెళ్ళి పరదాను రింగులతో సహా పీకేసింది. లోపల స్టూలు మీద రఘుపతి తత్తరపడ్డాడు.

"అక్కా, ఆ రోజు దగ్గింది మా బాపు," అంది తిరుమల గట్టిగా.  "కరోనా కాదు, బొగ్గు దుమ్ము. ముప్పై ఏండ్ల నౌకరిల వచ్చిన దగ్గు. నన్ను సాకిన దగ్గు. దానికి సిగ్గువడి నేను మా బాపును దాచిపెట్టిన. లోపల ఎవరు లేరని చెప్పిన. ఏ పాపం లేని మనిషి మీద నింద ఏసిన. ఇగ మీరు లోపలికి వస్తరో, పోతరో మీ ఇష్టం."

ఇద్దరు బిళ్ళలు మేకుకు తగిలించి వెళ్ళిపోయారు. మూడో ఆమె కూడా కదిలింది. రఘుపతి లేచి, బిడ్డ తల మీద చెయ్యి వేసి, ఏదో అనబోయి దగ్గాడు. అందరి ముందూ, ఆపుకోకుండా దగ్గాడు.

జమున కదల్లేదు. మాస్కు పైన ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"మా ఇంట్ల సుత గదే దగ్గున్నది," అంది. "రెండు నెలల సంది మా ఆయనను వాకిట్ల కూసోనిస్తలేను. చుట్టుపక్కలోళ్ళు ఏమంటరోనని." రఘుపతి వైపు తిరిగింది. "కాకా, నువ్వు బయట కూసో. గాలి తగులుతది." తర్వాత ఫోన్ తీసి, కాలనీ గ్రూపులో తన గొంతుతోనే ఉన్నదున్నట్టు చెప్పింది. రుత్విక్‌కు పోయిన మస్టర్లు తిరిగిరాలేదు గానీ, పోయిన పేరు తిరిగొచ్చింది.

పద్నాలుగు రోజులు గడిచిన తర్వాత, మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలిన సాయంత్రం, రుత్విక్ వచ్చాడు. రఘుపతి దుకాణం ముందే స్టూలు మీద ఉన్నాడు. రుత్విక్ ఆయనకు నమస్తే పెట్టి, ఏడో నంబరు బిళ్ళ మేకుకు తగిలించి రౌండులో నిలబడ్డాడు.

"ఇగ అందరు పైకచ్చిండ్రు," అన్నాడు రఘుపతి తృప్తిగా.

తిరుమల కౌంటర్ వెనక తల వంచుకుని డబ్బాలు సర్దుతోంది. సర్దిన డబ్బానే మళ్ళీ సర్దుతోంది.

"మేడం, ఒక జత మార్చాలె," అన్నాడు రుత్విక్. సంచిలో అట్ట కూడా తీయని ఆడవాళ్ళ చెప్పులు. అయిదు నంబరు.

"మేనత్త బిడ్డకు పట్టలేదా?" అంది తిరుమల తల వంచుకునే.

"మేనత్తే లేదు. నీ కాళ్ళెప్పుడు కౌంటర్ ఎనకాలనే ఉంటయి. కొలత నాకెట్ల తెలుస్తది? అందాజకు కొన్న."

"అమ్మిన చెప్పులు మార్చబడవు. బోర్డు చూడు." అంటూ ఇంకో డబ్బా జరిపింది. "నేను చేసిన పనికి నాకు చెప్పులు కొనొద్దు నువ్వు."

"నువ్వు పరదా పీకిన ముచ్చట మా అవ్వ రోజుకు రెండుసార్లు చెప్పించుకుంటున్నది. ఈ జత ఆమెనే పంపింది."

రఘుపతి లేచి బోర్డును గోడకు తిప్పి పెట్టాడు. "మారుస్తం కొడుకా. మనోళ్ళకు మారుస్తం. ఆరు నంబరు తియ్యి బిడ్డా, నీది ఆరే గదా." అని చినుకులు చూసే పనున్నట్టు అరుగు దిగాడు.

తిరుమల ఆరు నంబరు డబ్బా తీసింది. ఆమె చూపు అలవాటుగా అతని పాదాల మీదికే వెళ్ళింది. ఎడమకాలి బొటనవేలు సరిగ్గా రౌండు గీత మీద ఆగి ఉంది.

"దాటొచ్చా?" అన్నాడు రుత్విక్.

తిరుమల మెల్లగా తలెత్తి అతని ముఖం చూసింది.

"రా," అంది. ఈసారి అన్నా అనలేదు.