ఏడో గుంటలో రాణి లేదు

ఉదయం 9.10. మ్యూజియం లాకర్ గదిలో ట్రే బయటికి లాగారు. పన్నెండు గుంటలు. పదకొండు రోమన్ బంగారు నాణేలు. ఏడో గుంటలో ఉండాల్సిన రాణి ఫాస్టినా మాయం.

ఆ నాణేనికి ఒకవైపు రాణి ముఖం, రెండోవైపు పంటల దేవత సెరెస్. భార్య పోయాక చక్రవర్తి ఆమె పేరున వేయించిన నాణెం అది.

తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు కేటలాగుకి ఫొటోలు తీస్తున్న ఫొటోగ్రాఫర్. రెండోవాడు ముప్పై ఏళ్లుగా నాణేలు చూసుకుంటున్న క్యూరేటర్. ఆయన భార్య ఆ తెల్లవారుజామునే ఆసుపత్రిలో కన్నుమూసింది. అయినా ఫోన్ రాగానే వచ్చి మూల కూర్చున్నాడు, పాపం.

ఇన్‌స్పెక్టరమ్మ ఫొటోగ్రాఫర్‌ని దులిపేస్తోంది.

"నిన్న ఎన్నింటికి వెళ్లావ్?"

"ఐదున్నరకి మేడమ్."

"ట్రే ఎవరు మూశారు?"

"నేనే. పన్నెండూ ఉన్నాయి, ఒట్టు! నన్ను తీసుకెళ్తే మా అమ్మ బతకదు మేడమ్."

కానిస్టేబుల్ అతని భుజం పట్టుకున్నాడు. ఆమె ఆగమంది. ఏడో గుంటలో గుండ్రంగా కత్తిరించిన తెల్ల కార్డు ఉంది. అందరూ ప్యాకింగ్ ముక్క అనుకుని వదిలేశారు.

"ఇదేంటి?"

ఫొటోగ్రాఫర్ వంగి చూశాడు. "నాణెం బయటికి తీస్తే దాని చోట పెట్టే కార్డండి. తీసినవాళ్లు పేరు రాస్తారు."

"దీని మీద పేరు లేదే. ఏ దొంగైనా కార్డు పెట్టి మరీ ఎత్తుకెళ్తాడా?" ఆమె మూలకి తిరిగింది. "ముప్పై ఏళ్ల అలవాటు. గుంట ఖాళీగా వదలడానికి చెయ్యి రాలేదు. పేరు రాయడానికేమో ధైర్యం చాల్లేదు. అంతేనా మాస్టారూ?"

క్యూరేటర్ తల వంచేశాడు.

"ఆ నాణెం మీద పుస్తకం రాసింది మా ఆవిడేనమ్మా. చివర్లో చూపు పోయింది. ఒక్కసారి తడిమి చూస్తానంటే, నిన్న ఆరింటికి పట్టుకెళ్లాను. పొద్దున్నే తెచ్చి పెట్టేద్దామనుకున్నా. గుప్పిట్లో పట్టుకునే పోయింది."

"ఇతన్ని లాక్కెళ్తుంటే చూస్తూ కూర్చున్నారా?"

"నాలుగింటికి అంత్యక్రియలు. అప్పటిదాకా నోరు మూసుకుంటే ఆ నాణెంతోనే వెళ్లిపోతుందనుకున్నా. నా బుద్ధి గడ్డి తింది."

11.40. ఆసుపత్రి.

"నర్సుని ఆ గుప్పిట విప్పమంటాను," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"వద్దమ్మా. నేనే తీస్తాను."

ఆయన మంచం పక్కన కూర్చుని, బిగుసుకుపోయిన ఆ పిడికిలిని తన అరచేతుల మధ్య చాలాసేపు వెచ్చబెట్టాడు.

"ఇచ్చెయ్యవే. పరాయి బిడ్డ జైలుకి పోతాడు."

ఒక్కో వేలూ విప్పాడు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు నిండి గోడవైపు తిరిగింది. కానిస్టేబుల్ నాణెం కవర్లో వేసుకున్నాడు.

ఆయన మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.

"నీ చేతిలోంచి లాక్కున్నానే. తిట్టు. ఒక్క మాటైనా తిట్టవే!"

ఆయన బావురుమన్నాడు.