పర్రలో వంచిన కత్తి

నాగాయలంక దగ్గర కొన్న పర్ర భూమిలో, ఉప్పునీటి ఊబి నేలలో, రత్నకుమారి చేపల చెరువు తవ్విస్తోంది. మధ్యాహ్నం ప్రొక్లెయిన్ తొట్టెలో నల్లటి బురదతో పాటు ఒక రాగి కత్తి లేచింది. సరిగ్గా మధ్యకి మడిచి ఉంది.

"ఎవరో ఊబికి ఇచ్చుకున్నదక్కా. మళ్లీ అందులోనే వేసెయ్," అన్నాడు మెషిన్ నడిపే బాబ్జీ.

"భూమి నాది, బురద నాది. కత్తి మాత్రం ఊబిదా? నువ్వు తవ్వు."

వంకర వస్తువు కనపడితే ఊరుకోలేని మనిషి రత్నకుమారి. ఇంటికి తెచ్చి, కడిగి, అరుగు రాయి మీద సుత్తితో కొట్టి తిన్నగా చేసింది. ఆ ఘనకార్యం చూపించడానికి బందరులో చరిత్ర చదువుతున్న కూతురు అనూషకి వీడియో కాల్ చేసింది.

అనూష తల పట్టుకుంది. పేరు చెక్కించి తల్లి కొనిచ్చిన స్టీలు కడియం ఆ చేతికి మెరిసింది.

"కావాలనే వంచారమ్మా. పూర్వం నీళ్లకి ఇచ్చే వస్తువుని ముందు పాడుచేసేవాళ్లు. బతికున్నవాళ్లకి మళ్లీ పనికిరాకూడదని. నువ్వు దాన్ని తిన్నగా చేసి కూర్చున్నావ్!"

"ఇచ్చినవాళ్లు ఎప్పుడో పోయారు. తీసుకున్న నీళ్లని మోటారు పెట్టి తోడేస్తున్నా. ఇంకెవరొచ్చి అడుగుతారే?"

పొద్దుగూకింది. కరెంటు పోయింది. వంటింట్లోంచి ఊబి వాసన... కుళ్లిన తుంగ, ఉప్పు బురద. దాని వెనకే సన్నటి కిర్రు.

టార్చి వేసింది. పొయ్యి పక్కన గరిటె మధ్యకి మడిచి ఉంది. తడిగా.

ఆమెకి భయం కన్నా ముందు కోపం వచ్చింది. సుత్తి తెచ్చి గరిటెను తిన్నగా కొట్టింది. వెనక్కి తిరిగేసరికి అట్లకాడ. దాన్నీ కొట్టింది. ఆ తర్వాత పట్టకారు.

"వంచు! ఎన్ని వంచుతావో వంచు. ఈ సుత్తి నా చేతిలో ఉన్నంతసేపూ నీకేమీ దక్కదు."

కిర్రు ఆగింది. వాసనా తగ్గింది. గెలిచాననుకుంది.

గడప మీద ఏదో మెరిసింది.

కడియం. స్టీలుది. లోపల 'అనూష' అని అక్షరాలు. మధ్యకి మడిచి ఉంది.

వెంటనే అనూషకి ఫోన్ చేసింది.

"నీ కడియం ఏదే?"

"చేతికే ఉందమ్మా. ఏం?"

రత్నకుమారి గట్టిగా ఊపిరి వదిలింది. ఫోన్ కట్ చేయకుండానే కింద పెట్టి, గడప మీది కడియాన్ని తిన్నగా చేయడానికి సుత్తి ఎత్తింది.

"అమ్మా..." ఫోన్లో నీళ్ల చప్పుడు. అనూష గొంతు గుసగుసలాడింది. "కొట్టకు."

సుత్తి గాల్లోనే ఆగిపోయింది. రత్నకుమారి దాన్ని దించలేదు. గడప దాటి, వాకిట్లో చీకటి కేసి తిరిగింది.

"నా కూతురి జోలికి పోకు. నా దగ్గరికి రా."

పిడికిట్లో సుత్తి పిడి... మెల్లగా వంగింది.