జెరిక్ అడిగినవాడు

ఇప్పటికీ కొచ్కోర్ ఊళ్ళో వాన పడితే బురుల్‌కి తడిసిన ఉన్ని టోపీ వాసనే గుర్తొస్తుంది. ఆ టోపీ పెట్టుకున్నవాడితో మొదటి మాటే గొడవ.

ఆస్పత్రి వరండాలో సర్వే బల్ల. అప్పుడు బురుల్‌కి ఇరవై నాలుగేళ్ళు, ముందు ఫారాల కట్ట. ఎదురుగా నుర్గాజి, ఒళ్ళో మేనల్లుడు ఎర్మెక్. వాడికి ఐదేళ్ళొచ్చినా మాట రాలేదు, క్షణం కుదురు లేదు. అప్పటికే ఆమె పెన్ను మూత లాగేశాడు.

"వీళ్ళమ్మ కడుపుతో ఉన్నప్పుడు ఏం తినేది?"

"ఆమెనే అడగండి."

"రాలేదుగా!"

"ఎలా వస్తుంది? జెరిక్ తీరలేదట, అందుకే పిల్లాడు ఇలా అయ్యాడని అత్తగారు ఊరంతా చాటింది. మా అక్క గడప దాటి ఏడాదైంది. ఇప్పుడు మీరొకరు, కాగితం పట్టుకుని!"

వేవిళ్ళప్పుడు పుట్టే తిండి కోరిక జెరిక్. తీర్చాల్సింది అత్తింటివాళ్ళు. తీరకపోతే నింద మాత్రం కోడలికి. ఇదెక్కడి న్యాయం!

"నింద కాదండీ. తల్లి తిండికీ బిడ్డ మెదడుకీ సంబంధం ఉందేమో చూస్తున్నాం. ఇంకా వంద కారణాలుండొచ్చు. తప్పు తల్లిదని ఏ డాక్టరూ తేల్చలేడు."

"అయితే ఏం తిన్నావని అడుగుతారేం? ఏం పెట్టారని అడగండి! ఆ చలికాలమంతా అక్కకి రొట్టె, టీ. మాంసం మగాళ్ళ పళ్ళెంలోకే పోయేది."

బురుల్ ఫారం మీద ప్రశ్న కొట్టేసి, పైన "ఏం పెట్టారు?" అని రాసింది.

"మీ అక్క అత్తారిల్లెక్కడ? ఆమె దగ్గరికి తీసుకెళ్ళండి."

వెళ్ళి, అత్తగారి ముందే కూర్చుని ఆ ప్రశ్నే అడిగింది. ముసలావిడ టీ గిన్నెలోకి చూస్తూ, "రొట్టె, టీ" అని ఒప్పుకుంది. తరవాతి గురువారం అక్క తనే ఎర్మెక్ చెయ్యి పట్టుకుని ఆస్పత్రికొచ్చింది.

వెనకాలే నుర్గాజి. ఆనందం పట్టలేక, కడుపుతో ఉన్నవాళ్ళంతా వరసలో నించున్న చోట గట్టిగా అరిచాడు.

"బురుల్ గారూ! మీ జెరిక్ ఏంటో చెప్పండి, ఎక్కడున్నా తెచ్చిస్తా!"

ఇష్టమైన తిండేదని అడగబోయి నోరు జారాడు. వరండా గొల్లుమంది.

"ఒరేయ్ దున్నా, పెళ్ళికాని పిల్లనా జెరిక్ అడిగేది?" అంది ఒక ముసలమ్మ.

వాడు టోపీ ముఖం మీదకి లాక్కున్నాడు. బురుల్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తలెత్తింది.

"ముందు మా నాన్నని అడుగు. జెరిక్ సంగతి తరవాత."

వాడు ఆ సాయంత్రమే అడిగాడు, వానలో తడుస్తూ.

ఎర్మెక్‌కి ఇప్పుడు పాతికేళ్ళు. మాటలు ఇప్పటికీ తక్కువే. ఉన్న పదింటిలో ఒకటి "బురుల్". ఇంట్లో ఎవర్నైనా ఆ పేరుతోనే పిలుస్తాడు, అందరూ పలుకుతారు, ఏం పరవాలేదు.

పెళ్ళయిన రెండో చలికాలం, మంచులో, బురుల్‌కి పుల్లటి ఆపిల్ కావాలనిపించింది. నుర్గాజి తన పళ్ళెంలోని మాంసం ఆమె పళ్ళెంలో వేసి, టోపీ తీసుకున్నాడు.

"జెరిక్ ఏంటో చెప్పు."

దున్న, ఈసారి సమయానికే అడిగాడు.